'రన్' అంటే పరుగు ఒక్కటేనా?

మంచాల మండలంలో ఏ ఊరి పొలం గట్టున నిలబడినా ఒక్క పూటలో ఇలాంటి మాటలు వినబడతాయి. కరెంటొచ్చింది, మోటరు నడుస్తోంది. కింది మడి ఇంకా పారలేదు. పిల్లాడికి ముక్కు కారుతోంది. మిల్లు సాయంత్రం దాకా ఆడుతుంది. ఈసారి సర్పంచికి ఫలానా ఆయన నిలబడుతున్నాడట. ఇక్కడ తెలుగు ఒక్కో పనికి ఒక్కో క్రియను వాడింది. ఇంగ్లీషుకు మాత్రం అన్నిచోట్లా ఒక్క 'రన్' చాలు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కొత్త కూర్పు కోసం పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఈ ఒక్క మాట మీదే దాదాపు తొమ్మిది నెలలు పనిచేశారు. క్రియగానే దీనికి 645 అర్థాలు తేలాయి. ఆ సంగతి 2011లో పత్రికలకెక్కింది. అంతకుముందు, 1989 నాటి రెండో కూర్పులో, 'సెట్' అనే మాటదే పైచేయి. 'రన్' దాన్ని దాటిపోవడానికి యంత్రాలు ముఖ్య కారణమని చెబుతారు. ఆవిరి యంత్రం, రైలు, గడియారం, కంప్యూటర్... కొత్తగా ఏది కదిలినా జనం పాత మాటనే దానికీ తొడిగారు.

అయితే అన్నిటికీ అడుగున నీరుంది. పాత ఇంగ్లీషులో మనిషి పరుగుకీ ఏటి ప్రవాహానికీ ఒకే క్రియ. మనకూ అంతే! పాత తెలుగులో 'పారు' అంటే పరుగెత్తడమే. 'దొంగ పారిపోయాడు' అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నిండితే అలుగు పారుతుంది. ఎత్తు ఫలిస్తే పాచిక పారిందంటాం. ఎక్కడో ఉన్న ఇంగ్లండులోనూ ఇక్కడా జనం నీటిలో పరుగునే చూశారు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదిది.

కదలని వాటిని కూడా మనం కదిలిస్తాం. ఈ రోడ్డు ఎటు పోతుందని అడిగితే ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా నాగార్జునసాగర్ పోతుందని చెబుతారు. రోడ్డు ఎటూ పోదు, ఉన్నచోటే ఉంటుంది. దాని వెంట పోయేది మన చూపు. లియొనార్డ్ టాల్మీ అనే అమెరికా భాషావేత్త ఇలాంటి ఊహా చలనాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. ఇంగ్లీషులో ఇక్కడా 'రన్' దిగుతుంది, రోడ్డు ఊళ్లమీదుగా పరుగెడుతుంది.

అట్లాగని మన క్రియలు తక్కువ తిన్నవేమీ కావు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'ఆడు'. ఆకు ఆడదు, ఊపిరి ఆడదు, కంగారులో కాలూ చేయీ ఆడవు. గానుగ ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, చేతిలో డబ్బు ఆడుతుంది. ఆడపడుచు నీళ్లాడిందంటే ఇంట్లోకి పసిబిడ్డ వచ్చినట్టు. అబద్ధం ఆడటానికీ పోట్లాడటానికీ అదే క్రియ. వీటిలో చాలావాటి వెనక కదలిక ఒక్కటే, మిగిలిందంతా పక్కనున్న మాట చెబుతుంది.

ఇక 'నడుచు' సంగతి. బడి నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, కోర్టులో కేసు ఏళ్లకేళ్లు నడుస్తుంది, జాతకంలో శని నడుస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల దీనికి ఇంకో పని కూడా ఉంది. చిరిగిన నోటు చేతికిస్తే, దుకాణదారు దాన్ని వెలుతురుకు పట్టి చూసి 'నడుస్తది తియ్' అంటాడు. ఉర్దూ 'చల్తా' పక్కనే పెరిగిన వాడుక ఇది. కోస్తాలో అదే నోటుకు 'చెల్లుతుంది' అంటారు. ఆ 'చెల్లు' కూడా పుట్టుకతో నడకే, దాని తోబుట్టువైన తమిళ 'సెల్'కు ఈనాటికీ వెళ్లడమనే అర్థం. కాలంతో పాటు తెలుగులో నడక పోయి విలువ మిగిలింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పుస్తకాలూ అచ్చయ్యాయి. పల్లె పిల్లలకు ఇది మంచి అవకాశమని నమ్ముతాను. కానీ 'రన్ అంటే పరుగెత్తు' అని నోట్సులో రాయించి ఊరుకుంటే, ముక్కు పరుగెత్తుతోందన్న వాక్యం దగ్గర పిల్ల ఆగిపోతుంది, తప్పు తనదేననుకుంటుంది. మాటను ఒంటరిగా కాక దాని పక్కన కూర్చునే మాటలతో కలిపి ఇవ్వాలి. మోటరుతో ఒకటి, నీటితో ఒకటి, దుకాణంతో ఒకటి. ఈ వాక్యాలన్నీ ఆ పిల్లకు ఇంట్లో తెలుగులో ముందే వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏ తెలుగు క్రియకు బదులు ఇంగ్లీషువాడు 'రన్' అంటాడో అంతే.

కొన్నిచోట్ల మాత్రం దారులు విడిపోతాయి, అవి విడిగా నేర్పాలి. ఎన్నికల్లో అమెరికావాడు పరుగెడతాడు, బ్రిటిష్‌వాడు మనలాగే నిలబడతాడు. డబ్బాలో బియ్యం అయిపోతే ఇంగ్లీషు 'రన్ అవుట్' అంటుంది. మన ఇళ్లలో లేవని అనడానికి నోరు రాక, నిండుకున్నాయంటారు.