అమీర్‌పేటలో పుట్టినరోజు

హైదరాబాదులో అమీర్‌పేట చూసినవాళ్ళకు మైత్రీవనం తెలిసే ఉంటుంది. దాని చుట్టుపక్కల సందుల్లో తల ఎత్తితే ఆకాశం కన్న ముందు బోర్డులు కనిపిస్తాయి. చాలావరకు కంప్యూటరు చదువు చెప్పే చోట్లవే. ఎక్కడెక్కడినుంచో కుర్రవాళ్ళు వచ్చి, హాస్టళ్ళలో ఉండి, ఆ చదువు నేర్చుకుంటారు. 2023 ఆగస్టు 16 సాయంత్రం అలాంటి ఒక సందులో, మూడో అంతస్తు గదిలో, పుట్టినరోజు వేడుక జరిగింది. పుట్టినరోజు మనిషిది కాదు, డెబియన్ అనే సాఫ్టువేరుది! ఆనాటికి దానికి సరిగ్గా 30 ఏళ్ళు నిండాయి.

డెబియన్ కంప్యూటరును నడిపించే సాఫ్టువేరు. 1993లో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరూ, తన పేరూ కలిపి "డెబియన్" అన్నాడు. ఇది ఏ కంపెనీ సొత్తూ కాదు. దేశదేశాల్లో వందలాదిమంది, చాలామంది తమ తీరిక వేళల్లో, దీన్ని తయారుచేస్తారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎలా ఉన్నదో చూడవచ్చు, మార్చి మరొకరికి ఇవ్వవచ్చు. పులిహోర పెట్టి ఊరుకోకుండా, చేసే విధానం కూడా చెప్పినట్టన్నమాట. దీని కూర్పులకు "టాయ్ స్టోరీ" సినిమాలోని పాత్రల పేర్లు పెడతారు. 1996లో వచ్చినది "బజ్", 2023లో వచ్చినది "బుక్‌వర్మ్". ఇంకా కుదురుకోని కూర్పుకు మాత్రం ఎప్పుడూ ఒకటే పేరు, "సిడ్". సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే కుర్రవాడి పేరు అది!

ఆ గదిలో 20 మందికి మించి పట్టరు. అందుచేత వేడుకను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేద్దామనుకున్నారు. మహబూబ్‌నగర్ జిల్లానుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆనాడు మొట్టమొదటిసారి నలుగురిలో మాట్లాడబోతున్నది. తెలుగు ఒత్తులు విరిగి కనిపించే ఒక తప్పును తాను ఎలా పట్టుకున్నదీ, ఎన్నడూ చూడని ఎవరో దూరదేశపు మనిషి దాన్ని ఎలా సరిచేసినదీ చెప్పాలి. ఊళ్ళో ఆమె తల్లిదండ్రులు ఫోను ముందు కూర్చున్నారు. పట్నంలో పిల్ల ఏం చేస్తున్నదో వాళ్ళు కళ్ళారా చూడబోవటం అదే మొదలు.

ఇంతకీ ప్రసారం ఎలా జరుగుతుంది? తెరమీది బొమ్మ చుక్కల ముగ్గు వంటిది. అడ్డంగా 1280 చుక్కలు, నిలువుగా 720, మొత్తం 9,21,600. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. బిట్ అంటే ఒక సున్న గాని, ఒక ఒకటి గాని. బొమ్మ కదలాలంటే సెకనుకు 30 బొమ్మలు. గుణించి చూడండి, సెకనుకు 66 కోట్ల బిట్లు దాటుతాయి! ఆ గదిలోని ఇంటర్నెట్ తీగ అంత మోయలేదు. అందుకని కంప్యూటరు ఒక ఉపాయం చేస్తుంది. మాట్లాడే మనిషి పెదవులు కదులుతాయి, చేతులు కదులుతాయి, వెనక గోడ కదలదు. గోడను మాటిమాటికీ పంపడం దేనికి? మారినంతవరకే పంపి, మిగతాది "ఇంతకు ముందులాగే" అంటుంది. కంటికి ఆనని తేడాలను వదిలేస్తుంది. దీనితో 66 కోట్లు కాస్తా 30 లక్షలకు దిగివచ్చాయి. ఈ పని చేసిన ఓబీఎస్ స్టూడియో కూడా, 2012లో మొదట విడుదలైన స్వేచ్ఛా సాఫ్టువేరే.

ఎన్ని యంత్రాలున్నా, బయట కూర్చుని చూసేవాడు ఒకడు ఉండాలి. మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. జ్వరం తగ్గి రెండు రోజులే అయింది గనక వాళ్ళమ్మ రానివ్వలేదు. పంజగుట్టలో ఇంట్లోనే ఉండి ప్రసారం చూస్తూ, నాతో మరో ఫోనులో మాట్లాడుతున్నాడు. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను.

అమ్మాయి లేచి మాట్లాడసాగింది. గొంతు వణుకుతున్నది. పదివాక్యాలు చెప్పేసరికి మావాడు, "మామయ్యా, అక్క ఇప్పుడే లేచింది," అన్నాడు.

పంజగుట్ట మాకు మెట్రోలో ఒకే ఒక స్టేషను. అయినా బొమ్మ ఇరవై సెకన్లు ఆలస్యంగా చేరింది! కారణమేమంటే, బొమ్మలను కొద్ది సెకన్ల ముక్కలుగా కట్టి సర్వరుకు పంపుతారు. అది చూసేవారందరికీ తలా ఒక ప్రతి ఇస్తుంది. చూసేవారి ఫోను రెండు మూడు ముక్కలు దగ్గర పెట్టుకుని గాని చూపడం మొదలుపెట్టదు. దారిలో ఒక ముక్క ఆలస్యమైనా బొమ్మ ఆగిపోకుండా ఈ జాగ్రత్త.

అంతలో మావాడు, "మామయ్యా! పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు!" అన్నాడు.

నేను కేక పెట్టాను. చూస్తే, తెరమీది మైకు గుర్తును ఎవరో పొరపాటున నొక్కినట్టున్నారు, అది ఎర్రగా ఉన్నది. ఊళ్ళో తల్లిదండ్రులకు ఇంతసేపూ పిల్ల మూగబొమ్మగా కనిపించిందన్నమాట. మైకు సరిచేసి, "మళ్ళీ మొదటినుంచి చెప్పమ్మా," అన్నారు. ఆమె ఒక్క క్షణం బిక్కమొహం వేసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గొంతు వణకలేదు. నేను ఫోను చెవికి ఆనించి, ఫ్యాను చప్పుడులో మావాడి మాట కోసం కళ్ళు మూసుకుని వింటున్నాను. ఇరవై సెకన్ల తరవాత, "వినిపిస్తున్నది!" అన్నాడు.

ఆ మరుసటి నెల కొచ్చిలో ప్రపంచ డెబియన్ సమావేశం జరిగింది. అక్కడ కూడా కెమేరాలు పట్టి, శబ్దం చూసుకుని, ప్రసారం నడిపించినది స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళే.

కేకు కోస్తూండగా ఆ అమ్మాయికి ఇంటినుంచి ఫోను వచ్చింది.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా," అన్నాడు తండ్రి. "గని, నీ ఎనక కుర్చీల కూసోని నిద్రపోయిండు, ఆయన ఎవరు?"