సాలిటైర్ (ఒంటరి పేకాట)

సాలిటైర్ అనగా ఒక్కరే కూర్చుని ఆడుకొను పేకాట. బ్రిటనులో దీనిని పేషన్స్ అని పిలుస్తారు. ఆ మాటకు ఓర్పు అని అర్థం. ఈ పేరు క్రింద వందల కొలది ఆటలు ఉన్నవి. వాటిలో క్లాండైక్ అను ఆట ఎంత ప్రసిద్ధి చెందినదనగా, సాలిటైర్ అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది అదే. ప్రస్తుతం ఈ ఆటను ఎక్కువగా మొబైల్ ఫోనులలోని యాప్‌ల ద్వారా ఆడుతున్నారు. ఆ యాప్‌ల గురించి ఆటగాళ్ళు తరచుగా చెప్పే ఫిర్యాదులు రెండు. ప్రకటనల బెడద మొదటిది. ఫోను కావాలనే చెడ్డ ముక్కలు పంచి ఓడిస్తున్నదన్న అనుమానం రెండవది. ఈ రెండవదానికి లెక్కలలో సమాధానం ఉన్నది.

ఆడు విధానం

52 ముక్కల కట్ట నుండి 28 ముక్కలను ఏడు వరుసలుగా పేర్చాలి. మొదటి వరుసలో ఒకటి, రెండవ వరుసలో రెండు, ఇట్లు ఏడవ వరుసలో ఏడు ముక్కలు వచ్చును. ప్రతి వరుసలో పై ముక్క మాత్రమే వెల్లకిలా ఉంటుంది. మిగిలిన 21 ముక్కలు బోర్లా ఉంటాయి. పంచగా మిగిలిన 24 ముక్కలు ప్రక్కన కట్టగా ఉంచి, ఒక్కొక్కటిగా గాని మూడేసి చొప్పున గాని తీస్తారు. వరుసలలో ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు వచ్చునట్లు దిగువ క్రమంలో పేర్చాలి. ఉదాహరణకు ఆఠీను పది మీద ఇస్పేటు తొమ్మిది గాని కళావరు తొమ్మిది గాని వేయవచ్చు. ఖాళీ అయిన వరుసలో రాజును మాత్రమే ఉంచవలెను. నాలుగు జాతులనూ ఆసు మొదలుకొని రాజు వరకు విడివిడిగా పేర్చగలిగితే ఆట గెలిచినట్లు.

చరిత్ర

ఒంటరి పేకాటలు 18వ శతాబ్దం చివరి నాటికి ఉత్తర ఐరోపాలో వాడుకలో ఉన్నవి. తెలుగువారికి పేకాట అంటే నలుగురు కూడి ఆడేదే; రమ్మీ, మూడు ముక్కలాట వంటివి. ఒంటరి ఆట మనకు విస్తృతంగా పరిచయమైనది కంప్యూటరు వలననే అని చెప్పవచ్చు. 1990లో విడుదలైన మైక్రోసాఫ్ట్ విండోస్ 3.0తో పాటు సాలిటైర్ వచ్చింది. దానిని వ్రాసినవాడు వెస్ చెర్రీ. అప్పటికి ఆయన ఆ సంస్థలో శిక్షణార్థి మాత్రమే. ముక్కల బొమ్మలను సూసన్ కేర్ రూపొందించింది. మౌసుతో ఒక వస్తువును పట్టి లాగి వేరొకచోట వదలడం ప్రజలకు అలవాటు చేయడానికి ఈ ఆట ఉపకరించినది. పాఠశాలలకు, కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు మౌసు పట్టడం నేర్చినది చాలావరకు ఈ ఆటతోనే. అప్పట్లో అధికారి వచ్చినప్పుడు తెరను చటుక్కున మూసివేయడం కూడా ఒక విద్యగానే ఉండేది!

2012లో వచ్చిన విండోస్ 8లో ఈ ఆట ముందుగా చేర్చబడలేదు. 2015లో విండోస్ 10తో తిరిగి వచ్చినప్పుడు మధ్యమధ్య ప్రకటనలు చేర్చబడినవి. అవి వద్దనుకొనేవారు చందా కట్టవలసి వచ్చింది. పాతికేళ్ళు ఉచితంగా ఆడినదానికి చందా ఏమిటని చాలామంది విమర్శించారు. 2016లో ఇదే సంపుటి ఆండ్రాయిడ్, ఐఫోనులకు విడుదలైనది. 2019లో సాలిటైర్‌కు అమెరికాలోని ప్రపంచ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

ఫోను మోసం చేస్తుందా?

"వరుసగా అయిదు ఆటలు ఓడిపోయాను, ఇది యాదృచ్ఛికం కాజాలదు" అన్నది ఆటగాళ్ళ సామాన్యమైన వాదన. ఒక ఆటగాడు సగటున మూడింట ఒక ఆట గెలుస్తాడనుకుందాం. అతడు వరుసగా అయిదు ఆటలు ఓడిపోవు సంభావ్యత 32/243, అనగా సుమారు 13 శాతం. రోజుకు పది ఆటలు ఆడేవానికి ఇది తరచుగా ఎదురయ్యే సంగతే. గెలిచిన ఆటలు త్వరగా మరపున పడతాయి, ఓటములు గుర్తుంటాయి.

అసలు క్లాండైక్‌లో ఎన్ని పంపకాలు గెలవదగినవి? గణిత శాస్త్రవేత్తలను ఈ ప్రశ్న చాలాకాలం వేధించినది. 1946లో స్టానిస్లా ఉలామ్ జబ్బుపడి కోలుకుంటూ ఇటువంటి ఒంటరి ఆట ఆడుతూ, గెలుపు అవకాశాన్ని సూత్రంతో కట్టడం కన్న అనేక ఆటలు ఆడి లెక్కపెట్టడం తేలిక గదా అని ఆలోచించాడు. మాంటీ కార్లో పద్ధతికి అది నాంది అయినది. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో కంప్యూటరుతో గణించి, మూడేసి ముక్కలు తీసే ఆటలో సుమారు 82 శాతం పంపకాలకు పరిష్కారం ఉన్నదని తేల్చారు. మిగిలిన 18 శాతం పంపకాలను ఎంతటి నేర్పరియైనా గెలవలేడు. అందువలన సరిగా కలిపి పంచే ఏ యాప్‌లోనైనా ఓటమి తప్పని ఆటలు వచ్చి తీరును.

ఇచ్చట ఒక మెలిక ఉన్నది. పై 82 శాతం అనునది బోర్లా ఉన్న ముక్కలన్నీ ముందే తెలిసిన ఆటగానికి వర్తించు లెక్క. సామాన్య ఆటగానికి అవి కనబడవు కనుక అతని గెలుపులు దీనికన్న చాలా తక్కువ. కొన్ని యాప్‌లలో "గెలవదగిన పంపకాలు మాత్రమే" అన్న ఎంపిక ఉంటుంది. దాని భావం కనీసం ఒక దారి ఉన్నదని మాత్రమే. ఆ దారి ఆటగానికి కనబడుతుందని కాదు. ఈ తేడా తెలియకనే "గెలిచే ఆట అని చెప్పి ఓడించారు" అన్న ఫిర్యాదు వస్తున్నది. వెనుకకు తీసుకొను మీట (అన్‌డూ) ఎన్నిసార్లయినా నొక్కవచ్చునంటే మాత్రం ఆట స్వరూపమే మారిపోవును. బోర్లా ముక్కను తిప్పి చూచి, మరల మొదటికి వచ్చి వేరొక దారి పట్టవచ్చు గదా. అది మోసమని కొందరు, నేర్చుకొనుటకు మార్గమని కొందరు అంటారు. చేతి పేకతో ఆడినప్పుడు దొంగచాటుగా క్రింది ముక్కను ఎత్తి చూడనివారు ఎందరు?

ఇంకొక కారణం కూడా చెప్పుకోవాలి. చేతితో పేక కలిపినప్పుడు ముక్కలు పూర్తిగా చెదరవు. కట్టను రెండు భాగాలుగా చేసి జార్చి కలిపే పద్ధతిలో సుమారు ఏడుసార్లు కలపాలని 1992లో బేయర్, డయాకోనిస్ నిరూపించారు. బ్రిడ్జి పోటీలలో కంప్యూటరు పంపకాలు ప్రవేశపెట్టినప్పుడు కూడా చేతులు విపరీతంగా వస్తున్నాయని ఆటగాళ్ళు ఫిర్యాదు చేశారు. వారికి అలవాటైనది సరిగా కలపని పేక.

ఫ్రీసెల్ విషయం వేరు. అందులో అన్ని ముక్కలూ వెల్లకిలానే ఉంటాయి. విండోస్‌తో వచ్చిన ఫ్రీసెల్‌లోని 32,000 పంపకాలలో 11982వ సంఖ్య గల ఆట ఒక్కటే పరిష్కారం లేనిది. కావున అదృష్టాన్ని నిందించడం ఇష్టం లేనివారు ఫ్రీసెల్‌ను మెచ్చుకుంటారు.

ప్రకటనలు, సిగ్నల్

ఆట ముగియగానే అర నిమిషం వీడియో రావడం, మూసివేయు గుర్తు కనబడకపోవడం అందరూ చెప్పే ఇబ్బందులు. వృద్ధులు అక్షరాలు, ముక్కలు చిన్నవిగా ఉన్నవని కూడా అంటారు. పెద్ద ముక్కల ఎంపిక ఉన్న యాప్‌ను చూచుకొనుట మంచిది. సాలిటైర్ ఆడుటకు ఇంటర్నెట్ అవసరం లేదు. రంపచోడవరం నుండి మారేడుమిల్లి మీదుగా చింతూరు పోవు ఘాటు రోడ్డులో సిగ్నల్ పోయిన తరువాత కూడా బస్సులో ఆట సాగుతూనే ఉంటుంది, పైగా ప్రకటనలు రావు. మన్యంలో సిగ్నల్ లేకపోవడం వలన కలిగే లాభం బహుశా ఇదొక్కటే. అయితే కొన్ని యాప్‌లలో రోజువారీ పోటీ వంటివి నెట్ లేనిదే తెరుచుకోవు. కంప్యూటరులో ఆడేవారికి ఐల్‌రయట్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉన్నది. అందులో 80కి పైగా ఒంటరి ఆటలు ఉన్నవి, ప్రకటనలు లేవు.

చట్టం

పేకాట అనగానే మనకు జూదమే గుర్తుకు వస్తుంది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు చెప్పింది. తరువాత ఆన్‌లైన్ రమ్మీ వ్యాపించి అనేక కుటుంబాలు అప్పులపాలైనందున 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. డబ్బు గెలవవచ్చునని ఆశ చూపు సాలిటైర్ యాప్‌లు కూడా ఈ కోవకే చెందుతాయి. విండోస్ సాలిటైర్‌లోని "వేగాస్" లెక్కలో ఆట ఆరంభంలో 52 డాలర్లు తగ్గించి, పైకి చేర్చిన ఒక్కొక్క ముక్కకు 5 డాలర్లు కలుపుతారు గాని, అవి తెర మీది అంకెలు మాత్రమే. అంతటితో 11 ముక్కలు పైకి చేర్చినవాడు 3 డాలర్ల లాభంలో ఉన్నట్లు.