చెరువు – తూము – కంప్యూటరు

బెంగళూరు నగర జిల్లాలోని ఆనేకల్ తాలూకాలో సర్జాపుర ఉంది. ఈ ప్రాంతంలో కన్నడంతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. ఇక్కడ ఒకవైపు పాతకాలపు చెరువులు ఉన్నాయి. మరొకవైపు, బెంగళూరు నుండి వచ్చే రోడ్డు మీద కంప్యూటరు సంస్థలు ఉన్నాయి. విప్రో ప్రధాన కార్యాలయం ఈ రోడ్డు మీదనే ఉంది. చెరువుకూ కంప్యూటరుకూ పోలిక ఏమిటి?

చెరువు పెద్దది, మడి చిన్నది. నీరంతా ఒక్కసారిగా వదిలితే మడిగట్లు తెగిపోతాయి. అందుకే రైతు తూము కొద్దిగా తెరచి, కావలసినంత నీరే వదులుతాడు. మడి తడిసిన తరువాత మిగిలిన నీరు కింది మడికి పోతుంది. కంప్యూటరులో డిస్కు చెరువు వంటిది. మెమరీ మడి వంటిది.

100 కోట్ల సంఖ్యల సరాసరి కనుక్కోవాలనుకొందాం. ఒక్కొక్క సంఖ్యకు 8 బైట్ల చొప్పున 800 కోట్ల బైట్లు కావాలి. మెమరీలో 400 కోట్ల బైట్లకే చోటు ఉంటే ఎలా?

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతిలో దీనికి ఒక ఉపాయం ఉంది. అవసరం వచ్చేవరకు ఏ విలువనూ లెక్కగట్టరు. దీనిని ‘లేజీ ఇవాల్యుయేషన్’ అంటారు. లేజీ అంటే బద్ధకం. పేరుకే బద్ధకం, పని మాత్రం తెలివైనది. 1976లో ఫ్రీడ్‌మన్, వైజ్ అనే శాస్త్రజ్ఞులు ఒక వ్యాసంలోను, హెండర్సన్, మోరిస్ మరొక వ్యాసంలోను దీనిని వివరించారు. 1990లో వెలువడిన హాస్కెల్ భాషకు ఇదే ఆధారం. ఈ భాషలో 1 నుండి అంతులేని సంఖ్యల జాబితాను కూడా రాయవచ్చు. మొదటి పది అడిగితే ఆ పదే తయారవుతాయి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముందుగా సంఖ్యలన్నిటినీ కూడి, తరువాత అవి ఎన్నో లెక్కించమన్నామనుకోండి. రెండవ పనికి జాబితా మళ్ళీ మొదటి నుండి కావాలి. అందువల్ల కంప్యూటరు చూసిన సంఖ్యలను విడిచిపెట్టదు. మెమరీ నిండిపోయి, పని మధ్యలోనే ఆగిపోతుంది.

మొత్తాన్నీ లెక్కనూ కలిపి ఒకేసారి చూసుకొంటూ పోతే ఈ చిక్కు ఉండదు. చూసిన సంఖ్యను వెంటనే విడిచిపెట్టవచ్చు. కాని మొత్తాన్నీ లెక్కనూ మాత్రం అప్పటికప్పుడు కట్టాలి. అక్కడ బద్ధకిస్తే చేయవలసిన కూడికలే గుట్టగా పేరుకుపోతాయి.

దేనిని ఆపాలో, దేనిని వెంటనే చేయాలో, దేనిని విడిచిపెట్టాలో తెలిస్తే చిన్న మెమరీతోనే పెద్ద పని జరుగుతుంది.

అభ్యాసం
1. మడితో మెమరీని ఎందుకు పోల్చారు?
2. 5, 8, 2, 9 – వీటిని ఒక్కొక్కటిగా చూస్తూ, ప్రతిసారీ మొత్తం ఎంతో, లెక్క ఎంతో రాయండి. చివరకు సరాసరి కనుక్కోండి.