కొవ్వు తగ్గినా కమ్మదనం తగ్గదు

స్వీడన్ మీట్‌బాల్స్‌కు పేరు తెచ్చినవి వెన్నా, మీగడా. ఆ రెండూ చేసే పనిని మరొకదానికి అప్పగిస్తే అదే వంటకం రోజూ తినదగ్గది అవుతుంది.

మెదిపిన బంగాళాదుంప, పుల్లటి లింగన్‌బెర్రీ జామ్, ఊరేసిన దోసకాయ ముక్కలు, వాటి మధ్య మీగడ గ్రేవీలో మాంసం ఉండలు. స్వీడన్ వాళ్ల ‘షెట్‌బుల్లర్’ అంటే ఇదే. 1755లో కాయ్సా వార్గ్ రాసిన వంటల పుస్తకంలోనే ఇవి ఉన్నాయి. క్రిస్మస్ విందులో ఇప్పటికీ ఉండాల్సిందే. హైదరాబాద్‌లో 2018 ఆగస్టులో స్వీడన్ ఫర్నిచర్ దుకాణం ఐకియా తెరిచాక, అక్కడ చికెన్‌తో చేసిన ఉండల రుచి మనవాళ్లకూ తెలిసింది.

కొవ్వు ఎక్కడుంది?

2020 లాక్‌డౌన్‌లో ఇళ్లలో వండుకొమ్మని ఐకియా ఈ వంటకం కొలతలు బయటపెట్టింది. అరకిలో గొడ్డుమాంసం కైమా, పావుకిలో పందిమాంసం కైమా. గ్రేవీకి 40 గ్రాముల వెన్న, 150 మిల్లీలీటర్ల చిక్కటి క్రీమ్. నలభై శాతం కొవ్వున్న క్రీమ్ వాడితే గ్రేవీలోనే 90 గ్రాములకు పైగా కొవ్వు చేరుతుంది. నలుగురు తింటే తలా 23 గ్రాములు, అంటే రెండు వందల కేలరీలు దాటినట్టే. మాంసంలోని కొవ్వు దీనికి అదనం.

అలాగని కొవ్వంతా తీసేస్తే ఉండలు పిడచకట్టి గొంతు దిగవు. ఉండను మెత్తగా ఉంచేది, మసాలా వాసనను పట్టి ఉంచేది, గ్రేవీకి నునుపు ఇచ్చేది కొవ్వే. అందుకే తీసిన చోట మరొకటి పెట్టాలి.

పాలలో నానిన బ్రెడ్

ముప్పావు కిలో చికెన్ కైమాకు 100 గ్రాముల బ్రెడ్ పొడి తీసుకుని, మునిగేదాకా వెన్న తీసిన పాలు పోయాలి. పది నిమిషాల్లో అది ఉబ్బి, గరిటెకు అంటుకునే ముద్దవుతుంది. వేడికి మాంసం ముడుచుకుని నీరు వదులుతుంటే ఆ నీటిని పట్టి ఉంచేది ఈ ముద్దే. మన కైమా ఉండల్లో పుట్నాల పొడి చేసే పనీ ఇదే. చెంచాడు నూనెలో మూతపెట్టి మగ్గించిన ఉల్లి తరుగు, గుడ్డు, ఉప్పు, తెల్ల మిరియాలు, ఆల్‌స్పైస్ చేర్చి పైపైన కలపాలి. గట్టిగా పిసికితే ఉండలు రబ్బరులా సాగుతాయి.

ఉండలు చుట్టి, వేయించడానికి బదులు 220 డిగ్రీల ఓవెన్‌లో పావుగంట ఉంచితే చాలు. ఓవెన్ లేకపోతే గుంతపొంగనాల పెనం ఉంది. గుంతకు రెండు చుక్కల నూనె వేసి, మూతపెట్టి, తిప్పుతూ కాల్చాలి. ఒక ఉండను విరిచి చూస్తే లోపల గులాబీరంగు కనిపించకూడదు.

గ్రేవీలోనే అసలు లాభం

150 మిల్లీలీటర్ల చల్లటి డబుల్ టోన్డ్ పాలలో మూడు చెంచాల మైదాను ఉండ కట్టకుండా కలపాలి. 300 మిల్లీలీటర్ల చికెన్ స్టాక్ మరిగాక అందులో పోస్తూ, చిక్కబడేదాకా కలియబెట్టాలి. పచ్చివాసన పోవడానికి నాలుగైదు నిమిషాలు ఉడకాలి. పెనానికి అంటిన గోధుమరంగు అడుగును కాస్త వేడి స్టాక్‌తో గీకి ఇందులో కలపడం మరవొద్దు. మాంసపు రుచంతా అక్కడే ఉంటుంది. కొంచెం ఆవపిండి ముద్ద, సోయాసాస్ వేస్తే లోతైన రుచి వస్తుంది. స్టాక్‌లో, సోయాసాస్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా వేయక్కర్లేదు. పాల నుంచి వచ్చే కొవ్వు రెండున్నర గ్రాములకు మించదు. మీగడ వాసన కావాలంటే దించేముందు ఒక చెంచా క్రీమ్ వేసుకోండి. చివర్లో వేసింది పైపైనే ఉండి వెంటనే నాలుకకు తెలుస్తుంది.

బంగాళాదుంపను వెన్నకు బదులు వేడి పాలతో మెదపండి. లింగన్‌బెర్రీ, దోసకాయల పులుపును మాత్రం తగ్గించొద్దు. కొవ్వు తగ్గిన పళ్లానికి ఉత్సాహం తెచ్చేది అదే.

తేలిక తిండి ఆలోచన స్వీడన్‌కూ కొత్త కాదు. తక్కువ కొవ్వు, ఉప్పు, చక్కెర ఉన్న సరుకులను గుర్తుపట్టేందుకు స్వీడన్ 1989లోనే ‘కీహోల్’ ముద్ర తెచ్చింది. క్రిస్మస్‌కు మీగడ గ్రేవీ, మామూలు రోజుల్లో తేలిక వంట అనుకుంటే సంప్రదాయానికీ ఒంటికీ పేచీ ఉండదు. అన్నీ ఒకేసారి మార్చడం కష్టమనిపిస్తే ఈ ఆదివారం గ్రేవీ ఒక్కటే మార్చి చూడండి. కొవ్వులో పెద్ద వాటా అక్కడే తగ్గిపోతుంది.