ఎదురుకాళ్ళ బిడ్డ - ఒక మత్తు సూది ఖర్చు

ఎదురుకాళ్ళతో పుట్టినవారు మెల్లగా తన్నితే నడుము పట్టు వదులుతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. వినడానికి వేడుకగానే ఉంటుంది. కాని నెలలు నిండిన కోడలు ఉన్న ఇంటికి, బిడ్డ తల పైకి, కాళ్ళు కిందికి ఉన్నాయని స్కానింగు గది నుండి కబురు వచ్చిననాడు ఎవరికీ నవ్వు రాదు.

గత సంవత్సరం మా పాత విద్యార్థి ఒకడు ఇటువంటి కబురుతోనే మా వద్దకు వచ్చాడు. భార్యకు 37వ వారం, తొలి కాన్పు. పొట్టపై చేతులతో ఒత్తి బిడ్డను తిప్పే ప్రయత్నం చేయవచ్చునని డాక్టరమ్మ చెప్పారట. వెన్నుకు మత్తు సూది ఇచ్చి చేస్తే తిరిగే అవకాశం పెరుగుతుందని, అయితే దానికి వేరుగా ఖర్చవుతుందని కూడా అన్నారట. "హజ్రత్! తిరుగుతుందో లేదో తెలియని పనికి సూది ఖర్చు కూడానా? తిరగకపోతే ఆ డబ్బు దుబారాయే కదా? ఆపరేషన్‌కే దాచుకోమని మా అమ్మ అంటున్నారు" అని అడిగాడు.

మేము పాఠం చెప్పేవారమే గాని వైద్యులము కాము. అందుచేత వెంటనే జవాబు చెప్పక, తెలిసిన వైద్యులను విచారించాము. తెలుసుకున్నది ఇతర కుటుంబాలకు కూడా పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

నెలలు నిండేనాటికి నూటికి ముగ్గురు, నలుగురు గర్భిణులలో బిడ్డ ఎదురుకాళ్ళుగానో, పిరుదులు కిందికి వచ్చేటట్లుగానో ఉండిపోతుంది. 26 దేశాలలో రెండు వేలకు పైగా గర్భిణులపై జరిగిన ఒక పెద్ద పరిశోధన 2000వ సంవత్సరంలో వెలువడింది. ఇటువంటి బిడ్డకు ముందుగా నిర్ణయించి చేసే ఆపరేషనే క్షేమమని అది తేల్చింది. అప్పటి నుండి ప్రపంచమంతటా ఎదురుకాళ్ళ బిడ్డ అనగానే ఆపరేషన్ అనే పద్ధతి బలపడింది.

అయితే కాన్పుకు ముందే బిడ్డను తిప్పగలిగితే ఆ అవసరమే రాకపోవచ్చు. సాధారణంగా 36, 37 వారాలు దాటాక ఆసుపత్రిలో స్కానింగు చూస్తూ, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ, గర్భసంచి బిగువు సడలడానికి మందిచ్చి, పొట్టపై నుండి బిడ్డను మెల్లగా దొర్లిస్తారు. కొద్ది నిమిషాల పని. కాని నొప్పి ఉంటుంది. నొప్పికి తల్లి పొట్ట బిగబట్టగానే డాక్టరు చేయి ఆగిపోతుంది.

మత్తు సూది ఉపయోగం ఇక్కడే ఉంది. నడుము వద్ద సన్నని సూదితో వెన్ను లోపలి ద్రవంలోకి మందు ఎక్కిస్తారు. తల్లి మెలకువగానే ఉంటుంది, నడుము కింది భాగం మాత్రం మొద్దుబారి, పొట్ట కండరాలు సడలుతాయి. కొందరికి కొంతసేపు రక్తపోటు తగ్గవచ్చు, తరువాత తలనొప్పి రావచ్చు.

ఇక ఖర్చు మాట. అమెరికాలో 2013లో ప్రచురితమైన ఒక పరిశీలన ఈ లెక్కనే వేసింది. మత్తు లేకుండా నూటికి 38 మందిలో బిడ్డ తిరిగితే, మత్తుతో 60 మందిలో తిరుగుతుందని వారు తీసుకున్నారు. సూది ఖర్చును, తప్పిన ఆపరేషన్లను కలిపి చూస్తే కాన్పు మొత్తం ఖర్చు మత్తుతో సగటున 8,931 డాలర్లు, మత్తు లేకుండా 9,207 డాలర్లు. అంటే 276 డాలర్ల ఆదా. అది శిలాశాసనమేమీ కాదు. 720 డాలర్లు మిగలవచ్చు, 112 డాలర్లు అదనంగా పడవచ్చు అని కూడా వారే చెప్పారు.

డాలర్ల లెక్క మన ఊరికి సరిపోదు. లెక్క వేసే తీరు మాత్రం సరిపోతుంది. నూరుగురికి సూది ఇస్తే, అదనంగా తిరిగే బిడ్డలు 22 మంది. వారిలోనూ కొందరికి ఇతర కారణాలతో ఆపరేషన్ తప్పదు. కనుక సూదికీ, థియేటరుకూ కలిపి అయ్యే ఖర్చు, సాధారణ కాన్పుకంటే ఆపరేషన్‌కు ఎక్కువయ్యే మొత్తంలో అయిదవ వంతుకు బాగా లోపుగా ఉండాలి. ఉదాహరణకు ఆపరేషన్‌కు 30 వేలు ఎక్కువవుతుందనుకుందాం. సూదికి నాలుగైదు వేలైతే లెక్క కుదురుతుంది. పది వేలైతే డబ్బు వరకు నష్టమే.

కాని డబ్బు ఒక్కటే లెక్క కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు ఆపరేషన్‌తో జరిగితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తొలి కాన్పు ఆపరేషన్ అయితే తరువాతివీ చాలావరకు అదే దారి పడతాయి. కోత పెరిగిన కొద్దీ తరువాతి గర్భంలో మాయ పాత కోతకు అంటుకుపోయి, ప్రాణాపాయమైన రక్తస్రావం జరిగే ముప్పు పెరుగుతుంది. ముగ్గురు నలుగురు పిల్లలను కోరుకునే ఇళ్ళు దీనిని తప్పక తలచుకోవాలి.

అందరికీ ఈ ప్రయత్నం తగదు. కవలలున్నా, మాయ అడ్డంగా ఉన్నా, ఉమ్మనీరు పోయినా, రక్తస్రావం ఉన్నా చేయరు. చేసినవారిలో సుమారు రెండు వందలకు ఒకరికి వెంటనే ఆపరేషన్ అవసరమవుతుంది. కనుక అందుకు సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి. మంత్రసాని చేత పొట్ట తోమించడం ఎంతమాత్రం కూడదు. సూది కూడా అందరికీ తప్పనిసరి కాదు. ముందు మత్తు లేకుండా ప్రయత్నించి, కుదరకపోతేనో, నొప్పి ఓర్వలేకపోతేనో మత్తు ఇవ్వడం బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలలో ఉన్న పద్ధతి.

మా విద్యార్థికి ఇదంతా చెప్పి, ఆసుపత్రిలో సూది ఖర్చెంత, సాధారణ కాన్పుకెంత, ఆపరేషన్‌కెంత అని మూడు ప్రశ్నలు అడిగి, భార్యతో కూర్చుని మాట్లాడి నిర్ణయించుకోమన్నాము. వారు సూదితోనే ప్రయత్నం చేయించుకున్నారు.

బిడ్డ తిరగలేదు. తరువాత ఆపరేషన్ అయింది. తల్లీ బిడ్డా క్షేమం, అల్‌హందులిల్లాహ్. కాని ఇంట్లో మాట తప్పలేదు. "నేను ముందే చెప్పాను" అని అత్తగారు, "డబ్బు పోయె" అని మరొకరు.

మత్తుతో ప్రయత్నించినా నూటికి నలభై మందికి తిరగదని లెక్కలోనే ఉన్నది. ఆ నలభైలో ఎవరుంటారో ముందుగా తెలిసేది కాదు. తెలిసిన మేరకు తూచి పెట్టిన ఖర్చు, ఫలితం రానంత మాత్రాన దుబారా కాజాలదు. అడగకుండా, తూచకుండా పెట్టే ఖర్చే దుబారా.

ఆ కోడలు మా ఇంట్లోవారితో అన్నదట: "ఆంటీ, బిడ్డ తిరగలేదని బాధ ఉంది. చేయించుకోలేదే అన్న బాధ మాత్రం లేదు." ఇటువంటి కబురు వచ్చిన ఇళ్ళలో, డబ్బు లెక్కతో పాటు ఆ తల్లి మాటను కూడా ముందుగా అడగాలని మా మనవి.