కమ్మీ ధరలో తేడా: కొలిమిలో జరిగేదేమిటి?

ఒకే మందం గల కమ్మీకి రెండు మూడు ధరలు పలకడం శాంతిపురం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె బజార్లలోని ఇనుప వర్తకులకు కొత్త విషయం కాదు. విశాఖ సరుకుది ఒక ధర, చిన్న మిల్లుల సరుకుది మరొక ధర. మూడు రాష్ట్రాల సరిహద్దు కావడంతో కృష్ణగిరి, హోసూరు, బెంగుళూరు అన్నీ చేరువే. ఎటునుంచైనా లారీ తెప్పించుకోవచ్చు. అందువల్ల ధరలోని తేడాను చాలామంది ముద్రకో, లారీ కిరాయికో కట్టి ఊరుకుంటారు. అయితే ఆ తేడాలో చెప్పుకోదగ్గ భాగం లారీ ఎక్కక ముందే, 1,600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నిర్ణయమైపోతుంది. ఇది తెలియని వర్తకుడు తూకం ఒక్కటి చూసి సరుకు దించుకుంటాడు. కమ్మీ వంపు దగ్గర పుటుక్కున విరిగిన రోజున మేస్త్రీ మిల్లుకు పోడు, దుకాణానికే వస్తాడు.

తూకం చూడవద్దని కాదు. 12 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 0.888 కిలో ఉండాలి. 12 మీటర్ల కమ్మీ 10.66 కిలోలు, అంటే టన్నుకు సుమారు 94 కమ్మీలు. ఐ.ఎస్. 1786 ప్రమాణం ఈ మందానికి అయిదు శాతం హెచ్చుతగ్గును అనుమతిస్తుంది కనుక 98 వచ్చినా తప్పు పట్టలేము. 100 వస్తే సరుకు ప్రమాణం తప్పినట్లే. తేలిక కమ్మీ వల్ల టన్నుకు పొడవు ఎక్కువ వస్తుందని సంతోషించే కాంట్రాక్టర్లు లేకపోలేదు. కప్పులో పడే ఉక్కు ఆ మేరకు తగ్గుతుందన్నది వారు పైకి చెప్పని సంగతి.

తూకానికి అందనిది కమ్మీ లోపలి సంగతి. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న దానిని జాతికి అంకితం చేశారు. అక్కడ ముడి ఖనిజం నుంచి ఊదు కొలిమిలో ఇనుము తీస్తారు. ఆ ఇనుములో నూటికి నాలుగు పాళ్ల దాకా కర్బనం ఉంటుంది. దానిని కన్వర్టర్‌లో పోసి ప్రాణవాయువు ఊదితే కర్బనం మండిపోతుంది. సున్నం వేయడం వల్ల భాస్వరం చిట్టెంలోకి లాగబడుతుంది. అంటే ఈ దారిలో ఉక్కును కడిగే అవకాశం ఉంది.

చిన్న మిల్లుల దారి వేరు. అక్కడి ఇండక్షన్ ఫర్నేస్ విద్యుత్తుతో తుక్కును కరిగించే పాత్ర మాత్రమే. దాని లోపలి పూత సాధారణంగా పలుగురాయి పొడితో చేసినది. సున్నం ఎక్కువ వేస్తే ఆ పూతనే తినేస్తుంది కనుక భాస్వరాన్ని తీసే వీలు దాదాపు లేదు. వేసిందే బయటికి వస్తుంది. మంచి తుక్కు ఏరి వేసిన మిల్లు మంచి ఉక్కే పోస్తుంది, అందులో సందేహం లేదు. చిన్న మిల్లు సరుకంతా నాసి అనుకోవడం పొరపాటు. కానీ ఆ మిల్లు నాణ్యత తుక్కు యార్డులోనే తేలిపోతుంది.

మరి చెడ్డ తుక్కు ఏం చేస్తుంది? ముందుగా గంధకం. ఇనుముతో కలిసిన గంధకం 988 డిగ్రీలకే కరుగుతుంది. బిల్లెట్‌ను రోలింగ్‌కు 1,100 నుంచి 1,200 డిగ్రీల దాకా కాచవలసి ఉంటుంది గనుక ఉక్కు గట్టిగా ఉన్నా లోపలి గింజల మధ్య ఈ పొర ద్రవమై, రోలర్ల కింద ముక్క పగులుతుంది. దీనికి విరుగుడు మాంగనీసు. అది గంధకాన్ని తనవైపు లాక్కుని, 1,600 డిగ్రీలు దాటితేగాని కరగని సమ్మేళనంగా మారుస్తుంది. ఫెర్రో మాంగనీసు ధర పెరిగినప్పుడు చిన్న మిల్లుల లెక్కలు తారుమారు కావడానికి ఇదొక కారణం.

భాస్వరం తీరు ఇందుకు భిన్నం. అది వేడిలో పట్టుబడదు, చల్లారిన తరువాత పెళుసుదనం తెస్తుంది. రోలింగ్‌లో నున్నగా వచ్చిన కమ్మీయే రింగులు వంచేటప్పుడు విరుగుతుంది. కంటికి బాగున్న సరుకు మోసం చేసేది ఇక్కడే.

మూడవది రాగి. పాత మోటార్లు, తీగలు కలిసిన తుక్కు ద్వారా ఇది కొలిమిలో చేరుతుంది. ఇనుము కన్నా రాగి ప్రాణవాయువుతో తక్కువగా కలుస్తుంది కనుక కన్వర్టర్ అయినా, ఇండక్షన్ ఫర్నేస్ అయినా దానిని బయటికి పంపలేవు. బిల్లెట్‌ను కాచినప్పుడు పైనున్న ఇనుము పెచ్చుగా రాలుతుంది, రాగి మాత్రం ఆ పెచ్చు కింద పోగవుతుంది. రాగి 1,085 డిగ్రీలకే కరుగుతుంది గనుక ఆ వేడిలో గింజల సందుల్లోకి దిగి, పైభాగాన సన్నని పగుళ్లు తెస్తుంది. నూటికి 0.2 పాళ్లు దాటితే ఈ బాధ మొదలవుతుందని, తగరం తోడైతే మరింత హెచ్చుతుందని అనుభవజ్ఞుల అంచనా. తుప్పును తట్టుకోవడానికి కావాలని, లెక్క ప్రకారం రాగి కలిపే కమ్మీలు కూడా ఉన్నాయి. అది వేరే సంగతి.

రాగిని తీయలేని మిల్లుకు మిగిలిన దారి పలచన చేయడమే. ఇందుకు స్పాంజ్ ఐరన్ కలుపుతారు. ఖనిజం నుంచి నేరుగా తీసినది కనుక అందులో రాగి ఉండదనే చెప్పవచ్చు. దేశంలో మొదటి స్పాంజ్ ఐరన్ కర్మాగారం నాటి ఖమ్మం జిల్లా పాల్వంచలో నెలకొన్నది కావడం, 1980లో ఉత్పత్తి ప్రారంభించడం తెలుగు వర్తకులు గుర్తుంచుకోదగిన విశేషం. అయితే ఖనిజంలో భాస్వరం హెచ్చుగా ఉంటే అది స్పాంజ్‌తో పాటే వస్తుంది. ఒక చిక్కు పోయిందనుకుంటే మరొకటి.

జింకు పూత రేకులు తుక్కులో ఉంటే నష్టం మరో రకం. జింకు 907 డిగ్రీలకే ఆవిరై తెల్లని పొగగా పోతుంది. ఉక్కుకు చేటు లేదు, తూకంలో తరుగు మాత్రం తప్పదు. ఇత్తడి పాత్రల వర్తకులకు ఇది బాగా తెలుసు. పాత ఇత్తడిని కరిగించిన ప్రతిసారీ జింకు కొంత ఎగిరిపోయి, రాగి పాలు పెరుగుతుంది. మారు బేరంలో తరుగు పట్టడం ఊరికే వచ్చిన ఆచారం కాదు.

కరిగిన ఉక్కును పోయడంలోనూ తేడాలున్నాయి. చల్లారి గట్టిపడేటప్పుడు ఉక్కు నూటికి మూడు పాళ్ల వరకు కుంచించుకుపోతుంది. అచ్చులో పోసిన దిమ్మకు అందుచేత పైభాగాన గుంట పడుతుంది. దానిని కోసి పారవేయాలి. కోయకుండా రోలింగ్‌కు పంపితే ఆ గుంట కమ్మీ పొడవునా చీలికగా సాగుతుంది. లోపల మిగిలిన ప్రాణవాయువు కర్బనంతో కలిసి బుడగలు కడుతుంది, అందుకే పోసే ముందు సిలికానో అల్యూమినియమో వేసి దానిని అణచివేస్తారు. విశాఖలో దిమ్మలు పోసే పద్ధతి లేకుండా మొదటినుంచీ ఎడతెగని పోతతోనే బిల్లెట్లు, బ్లూములు తీస్తున్నారు. కోసి పారవేసే భాగం ఇందులో బాగా తక్కువ.

ఇక నీటి పని. 1970, 80 దశకాలలో చల్లని కమ్మీని మెలితిప్పి బలం తెచ్చేవారు. టోర్ కమ్మీ అంటే అదే. నేటి టి.ఎం.టి. కమ్మీకి మెలిక లేదు. వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో చివరి రోలర్ దాటిన వెంటనే దానిపై నీరు చిమ్ముతారు. పైపొర గట్టిపడుతుంది, లోపలి వేడి మళ్లీ పైకి వచ్చి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. నడిమి భాగం మెత్తగానే ఉంటుంది. పైన బలం, లోన సాగుడు. అడ్డంగా కోసి, నునుపు చేసి, ఆమ్లపు ద్రావకం రాస్తే గుండ్రని నల్లని వలయం కనిపిస్తుంది. వలయం ఒకవైపు మందంగా, మరొకవైపు పలచగా ఉంటే నీరు సమంగా పడలేదన్నమాట. ఇటువంటి కమ్మీని గ్యాసు మంట మీద ఎర్రగా కాచి వంచేవారున్నారు. మంట తగిలిన చోట పైపొర బలం పోతుంది. అప్పుడు మిల్లును నిందించి లాభం లేదు.

వేడి మితిమీరితే ఉక్కు చెడుతుందన్నది తెలుగు నేలకు పాత పాఠమే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా పోయేది. అందులో కర్బనం ఒకటిన్నర శాతం వరకు ఉండేది. దానిని తెల్లగా కాచి కొట్టిన ఐరోపా కమ్మరులకు ముక్క చేతిలోనే పిండి అయిపోయింది. తక్కువ వేడిలో, ఎరుపు రంగు మీద, నిదానంగా సాగదీయాలని వారికి ఆలస్యంగా తెలిసింది. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయ్సీ రాసినదాని ప్రకారం, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు పాళ్లు తూచడం, ఉక్కును తిరిగి కాచి మెత్తబరచడం స్వయంగా దగ్గరుండి చూసుకునేవాడు. ముద్ర చూసి కొనే బేరం కాదది.

నేటి వర్తకుడు కొలిమి దగ్గర కూర్చోలేడు. ఆ పని పరీక్షా పత్రం చేయాలి. ఒకసారి కరిగించి పోసిన సరుకంతా ఒక హీటు. పత్రంలోని హీటు నంబరు, కట్టకు వేలాడే బిళ్ల మీది నంబరు ఒకటే కావాలి. ఎఫ్.ఇ. 500 రకానికి గంధకం, భాస్వరం ఒక్కొక్కటి 0.055 శాతం, రెండూ కలిసి 0.105 శాతం మించరాదు. 500-డి రకానికి ఆ హద్దులు 0.040, 0.075. సాగుడు మొదటి రకానికి కనీసం 12 శాతం, రెండవదానికి 16 శాతం. రెండు రకాలకూ దాదాపు ఒకే ధర అడిగే దళారిని ముందుగా ఈ పత్రమే చూపమనాలి. రాగి అంకె చాలా పత్రాలలో ఉండదు. తుక్కు మిల్లు సరుకైతే అది అడిగి రాయించుకోవడం కొనేవారి హక్కు. పత్రం లేకుండా, బిళ్ల తెంపి, కలగలుపుగా వచ్చిన కట్టలు టన్నుకు ఎంత తగ్గింపుతో వచ్చినా, వాటిలో ఏ కమ్మీ ఏ హీటుదో అమ్మినవాడు సైతం చెప్పలేడు.