లో లేటెన్సీ ర్యామ్‌కి ఎక్కువ డబ్బు పెట్టాలా? ఓవర్‌క్లాకింగ్‌కి ముందు ఈ లెక్క చూడండి

కొత్త పీసీ బిల్డ్ చేసేటప్పుడు చాలామంది ర్యామ్ బాక్స్ మీద ఉన్న పెద్ద నంబర్ చూసి కొనేస్తుంటారు. కానీ దాని పక్కనే సీఎల్30, సీఎల్36, సీఎల్40 అని ఇంకో నంబర్ ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ చేయాలనుకుంటే ఈ రెండూ కలిపి చూడాల్సిందే.

సీఎల్ అంటే ఏంటి?

రీడ్ కమాండ్ అందాక మొదటి డేటా బయటికి రావడానికి ర్యామ్‌కి ఎన్ని క్లాక్ సైకిల్స్ పడుతుందో చెప్పేదే క్యాస్ లేటెన్సీ, అంటే సీఎల్. ఇది సైకిల్స్ లెక్క, టైమ్ కాదు. టైమ్ కావాలంటే సీఎల్‌ని 2000తో గుణించి, ర్యామ్ స్పీడ్‌తో భాగించండి. నానోసెకన్లు వచ్చేస్తాయి.

- డీడీఆర్4-3200 సీఎల్16: 10
- డీడీఆర్5-6000 సీఎల్30: 10
- డీడీఆర్5-6400 సీఎల్32: 10
- డీడీఆర్5-6000 సీఎల్40: 13.3

చూశారుగా, 6400 సీఎల్32కి ఎక్కువ డబ్బు పెట్టినా లేటెన్సీ మాత్రం 6000 సీఎల్30తో సమానమే. పెరిగేది బ్యాండ్‌విడ్త్ ఒక్కటే.

తేడా ఎక్కడ తెలుస్తుంది?

ఐడా64లో టెస్ట్ చేస్తే 60 నుంచి 80 నానోసెకన్ల దాకా చూపించొచ్చు, కంగారు పడకండి. ప్రాసెసర్ నుంచి ర్యామ్ దాకా వెళ్లి వచ్చే మొత్తం దారిని అది కొలుస్తుంది. అందులో సీఎల్ ఒక చిన్న భాగమే. టీఆర్‌సీడీ, టీఆర్‌పీ, టీఆర్ఎఫ్‌సీ లాంటి టైమింగ్స్ కూడా తగ్గించినప్పుడే అసలు లాభం కనిపిస్తుంది.

1080పీలో, ప్రాసెసర్ మీద లోడ్ ఎక్కువ పడే గేమ్స్‌లో తేడా తెలుస్తుంది. 4కేలో భారమంతా గ్రాఫిక్స్ కార్డ్ మీదే కాబట్టి పెద్దగా తెలియదు. రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటి చిప్‌లో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది. అది ర్యామ్ దాకా వెళ్లాల్సిన అవసరాన్నే చాలావరకు తగ్గిస్తుంది. అందుకే దానికి ఖరీదైన కిట్ కొన్నా లాభం తక్కువ.

స్పీడ్ పెంచితే రివర్స్ అవ్వొచ్చు

రైజెన్ 7000 సిరీస్‌కి 6000 మంచి స్పీడ్. ఇక్కడ మెమరీ కంట్రోలర్, ర్యామ్ 1:1లో నడుస్తాయి. బాగా పైకి వెళ్తే కంట్రోలర్ సగం స్పీడ్‌కి పడిపోతుంది. అప్పుడు నంబర్ పెరిగినా లేటెన్సీ కూడా పెరగొచ్చు. నాలుగు స్టిక్స్ వేస్తే కంట్రోలర్ మీద భారం ఇంకా ఎక్కువ. అందుకే రెండు స్టిక్స్ కిట్టే తీసుకోండి.

బూట్ అయితే సరిపోదు

డీడీఆర్5 స్టాండర్డ్ వోల్టేజ్ 1.1. ఎక్స్‌పో, ఎక్స్ఎంపీ ప్రొఫైల్స్ చాలావాటిలో 1.35, 1.4 దాకా వెళ్తాయి. టైమింగ్స్ మరీ బిగిస్తే విండోస్ మామూలుగానే ఓపెన్ అవుతుంది, కానీ లోపల ఎర్రర్స్ వస్తుంటాయి. కాపీ చేసిన ఫొటోలు, ప్రాజెక్ట్ ఫైల్స్ మీకు తెలియకుండానే పాడైపోవచ్చు. కాబట్టి ముందు బ్యాకప్ తీసుకోండి. ఒకసారికి ఒక్క టైమింగే మార్చండి. మెమ్‌టెస్ట్86, టెస్ట్‌మెమ్5 రన్ చేయండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ సెట్టింగ్ పనికిరానట్టే.

ఫైనల్‌గా

ఎక్కువమందికి డీడీఆర్5-6000 సీఎల్30 రెండు స్టిక్స్ కిట్ సరిపోతుంది. సీఎల్36 కిట్ బాగా తక్కువ ధరకి దొరికితే అది తీసుకుని, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డ్‌కి పెట్టండి. గేమ్‌లో ఫ్రేమ్స్ అక్కడే ఎక్కువ పెరుగుతాయి.